పాత ఫ్రిజ్ ఆగితే ఎవరిని పిలవాలి: కంపెనీనా, బజారు షాపునా, ఊళ్లో మెకానిక్‌నా?

పదేళ్లు దాటిన ఫ్రిజ్ మే నెలలో ఆగిపోతే ఎవరికైనా ముందు వచ్చే ప్రశ్న "ఎంతవుద్దో" అనే. దానికన్నా ముందు అడగాల్సింది "పోయిందేంటి" అని. ఎందుకంటే ఎవరిని పిలవాలన్నది పోయిన దాన్ని బట్టే తేలుతుంది. కంప్రెసర్ మోటారుని లేపే చిన్న డబ్బా, అంటే రిలే, పోయినదానికి కంపెనీని పిలిస్తే వారం ఎదురుచూడాలి, పార్టు కంటే మనిషి వచ్చినందుకే ఎక్కువ కట్టాలి. గ్యాసు లీకైనదానికి సంచీలో స్క్రూడ్రైవర్, టెస్టర్ తప్ప ఇంకేమీ లేని మనిషిని పిలిస్తే నెల తిరక్కుండా మళ్లీ అదే గొడవ. రెండూ మా వైపు రోజూ జరిగేవే. అమలాపురం, రాజోలు, పాలకొల్లు, నరసాపురం, భీమవరం, ఎక్కడైనా ఫ్రిజ్ మెకానిక్‌లకు కొదవలేదు, నమ్మకమైనవాడు ఎవరన్నదే తెలియక జనం ఎవరో ఒకరికి ఫోన్ చేసేస్తారు.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. చిన్న లోపాలకు ఊళ్లో మెకానిక్. గ్యాసు, కంప్రెసర్ పనికి సామాను సరిగ్గా ఉన్న బజారు షాపు. కంప్రెసర్ వేగాన్ని ఎలక్ట్రానిక్ బోర్డు మార్చే ఇన్వర్టర్ రకాలకీ, వారంటీ ఇంకా మిగిలినవాటికీ కంపెనీ సర్వీస్. మోటారు కాలితే వైండింగ్ షాపు. ఫోన్‌లో వెతికితే అన్నిటికంటే పైన కనిపించే "కస్టమర్ కేర్" నెంబరుకు మాత్రం దేనికీ చెయ్యొద్దు. ఎందుకంటున్నానో ఒక్కొక్కటీ చెప్తాను.

పిలిచే ముందు మీరే చూసుకోండి

ఫ్రిజ్ పక్కన ఐదు నిమిషాలు నిలబడి వినండి. వెనక కింద కంప్రెసర్ గుయ్యిమని కొన్ని సెకన్లు మోగి, టక్ మని ఆగి, కాసేపటికి మళ్లీ గుయ్యిమంటోందా? అలాగైతే అది చాలావరకు గ్యాసు గొడవ కాదు. రిలే, దాని పక్కనే ఉండి మోటారు వేడెక్కితే కరెంటు ఆపే ఓవర్‌లోడ్, లేదంటే లో వోల్టేజీ. మన గోదావరి డెల్టాలో ఈ లో వోల్టేజీ సంగతి చిన్నది కాదు. భీమవరం, ఉండి, ఆకివీడు వైపు చేపల, రొయ్యల చెరువుల మీద నీళ్లకు గాలి అందించే ఏరేటర్లు రాత్రంతా తిరుగుతాయి, ఆ లైన్ల మీదున్న ఇళ్లలో లైట్లు మసకబారడం అందరికీ తెలిసిందే. 230 ఉండాల్సిన చోట 170, 180కి పడితే కంప్రెసర్ లేవలేక మూలుగుతుంది. స్టెబిలైజర్ మీద అంకె చూడండి, లేదా రాత్రి ఆగిన ఫ్రిజ్ పొద్దున్న వోల్టేజీ బాగున్నప్పుడు దానంతటదే లేస్తోందేమో చూడండి. లేస్తే మెకానిక్ కంటే ముందు కావాల్సింది మంచి స్టెబిలైజర్. వీధి మొత్తానికీ అదే పరిస్థితైతే 1912కి ఫోన్ చేసి కరెంటోళ్లకు ఫిర్యాదు రాయించండి.

కంప్రెసర్ ఆగకుండా తిరుగుతూనే ఉంది కానీ చల్లదనం లేదంటే, ఫ్రీజర్‌లో ఒక మూల మాత్రమే మంచు పట్టి మిగతాదంతా ఖాళీగా ఉందంటే, అప్పుడు గ్యాసు తగ్గిందనో, సన్న పైపు మూసుకుపోయిందనో అనుమానించొచ్చు. లోపల లైటు కూడా వెలగట్లేదంటే ముందు ప్లగ్గు, సాకెట్, వైరు. చుట్టూ చేలూ, ధాన్యం గాదెలూ ఉన్న ఇళ్లలో ఎలుకలు వైరు కొరికేయడం మామూలే, సెమీ ఆటోమేటిక్ వాషింగ్ మెషీన్లయితే మరీను, అడుగున తెరిచి ఉంటుంది కాబట్టి లోపలే కాపురం పెడతాయి. తలుపు సందులో రూపాయి నోటు పెట్టి మూసి లాగండి, తేలిగ్గా జారి వచ్చేస్తే రబ్బరు బిగువు పోయినట్టు. ఆ రబ్బరు మార్చడానికి కంప్రెసర్ జోలికి పోనక్కర్లేదు.

మిగతా సామానుకూ ఇలాంటివే ఉన్నాయి. మిక్సీ చప్పున ఆగిపోతే అడుగున ఎర్ర బటన్ ఉంటుంది, కాసేపు ఆగి దాన్ని నొక్కండి, సగం మిక్సీలు షాపుదాకా వెళ్లక్కర్లేదు. సీలింగ్ ఫ్యాన్ నెమ్మదిగా తిరుగుతుంటే ముందు మార్చాల్సింది కెపాసిటర్, చాలా ఫ్యాన్లకు అది 2.5 మైక్రోఫారాడ్‌ది, వంద రూపాయలు కూడా కాదు. ఫ్యానే మార్చమనేవాడు మొదట కెపాసిటర్ మార్చి చూశాడో లేదో అడగండి.

కంపెనీ సర్వీస్

బిల్లు వస్తుంది, అసలు పార్టు వస్తుంది, వచ్చిన మనిషెవరో రికార్డులో ఉంటుంది. ఇవి చిన్న విషయాలేం కాదు. ఇంకో లాభం చాలామందికి గుర్తుండదు: మొత్తం ఫ్రిజ్‌కి ఒక ఏడాదే వారంటీ ఇచ్చినా, కంప్రెసర్‌కి మాత్రం పదేళ్లు ఇచ్చిన మోడళ్లు చాలా ఉన్నాయి. ఎనిమిదేళ్ల ఫ్రిజ్‌కి కంప్రెసర్ పోయిందని బయట వేలు పోసి మార్పించే ముందు ఆ పాత బిల్లు ఎక్కడుందో వెతకండి. కంప్రెసర్ ఉచితమే అయినా గ్యాసుకీ, పనికీ, రాకపోకలకీ డబ్బు అడగొచ్చు, అదెంతో ఫోన్‌లోనే అడిగేసుకుంటే తర్వాత మాటామాటా రాదు.

ఇబ్బంది ఎక్కడంటే దూరంలో, వయసులో. సర్వీస్ సెంటర్ రాజమండ్రిలోనో కాకినాడలోనో ఉంటుంది, అంతర్వేది వైపు గానీ, అల్లవరం, ఉప్పలగుప్తం పల్లెలకు గానీ రావాలంటే ఆ రూట్లో ఇంకో రెండు మూడు కంప్లయింట్లు పడేదాకా ఆగుతారు. ఇక పదిహేనేళ్ల మోడలైతే "ఈ పార్టు ఆపేశారండి, ఎక్స్ఛేంజ్‌లో కొత్తది తీసుకోండి" అన్న మాటే ఎక్కువ వినపడుతుంది. అది అబద్ధం కావాలని లేదు, నిజంగానే పార్టు రాకపోవచ్చు. కానీ ఏ పార్టు, దాని నెంబరేంటి అని అడిగి కాగితం మీద రాయించుకోండి. ఆ నెంబరుతో బజారులో దొరికే అవకాశం ఉంది, పాత ఒంటి తలుపు ఫ్రిజ్‌లకు చల్లదనాన్ని అదుపు చేసే థర్మోస్టాట్, రిలే లాంటివి అన్ని కంపెనీలవీ దాదాపు ఒకే రకంగా ఉంటాయి. కేంద్ర వినియోగదారుల శాఖ 2022 డిసెంబరులో రైట్ టు రిపేర్ పోర్టల్ పెట్టింది. అందులో కొన్ని కంపెనీల విడిభాగాల, సర్వీస్ వివరాలు చూసుకోవచ్చు, ఒకసారి చూడటం మంచిది.

కంపెనీయే లేకుండా పోయిన సరుకు సంగతి వేరు. హైదరాబాద్ ఆల్విన్ ఫ్రిజ్‌లు ఇంకా కొన్ని ఇళ్లలో బియ్యం బస్తాల పక్కన నిలబడి పనిచేస్తూనే ఉన్నాయి. వీడియోకాన్ 2018లో దివాలా ప్రక్రియలోకి వెళ్లింది, ఆ పేరు మీద కొన్న సామాను మన జిల్లాల్లో లెక్కలేనంత. వీటికి పేరు పెట్టి "సర్వీస్ సెంటర్" అని ఎవరైనా ఫోన్‌లో చెప్తే కొంచెం ఆగి ఆలోచించండి. వీటికి బజారు షాపే దిక్కు.

ఊళ్లో మెకానిక్

బండి మీద వస్తాడు, పిలిచిన పూటే వస్తాడు, ఫ్రిజ్ మనింట్లోనే మన కళ్ల ముందే విప్పుతాడు. అన్నిటికంటే ముఖ్యం, రేపు మళ్లీ ఆగితే తప్పించుకుని ఎక్కడికీ పోలేడు, అదే చెరువు గట్టు మీద టీ తాగుతూ కనపడతాడు. ఆ ఒక్క కారణంతోనే నేను చిన్న లోపాలకు ఇతన్నే మొదటి స్థానంలో పెడతాను. మంచివాడిని గుర్తుపట్టడం ఎలా అంటే, చూడకముందే రోగం పేరు చెప్పడు. మా పిన్నిగారింట్లో జరిగిన ముచ్చట ఇది. ఫ్రిజ్ ఆగింది, పక్కింటాయన "గ్యాసేనమ్మా" అని ఖాయం చేసేశాడు, పిన్నికి టెన్షన్. వచ్చిన కుర్రాడిని ఆవిడ అదే అడిగింది.

"ఏం బాబూ, గ్యాసేనా?"

"అప్పుడే చెప్పలేనండి. ముందు రిలే చూడనివ్వండి."

ఫ్రిజ్‌ని గోడ నుంచి జరిపి, ప్లగ్గు తీసేసి, కంప్రెసర్ పక్కనున్న మూత ఊడదీసి, అగ్గిపెట్టె కంటే చిన్న నల్ల డబ్బా ఒకటి పీకాడు. దాన్ని పిన్ని చెవి దగ్గర ఊపాడు.

"గలగలమంటోందా అండి? లోపల బిళ్ల పగిలింది. బిళ్ల బాగుంటే చప్పుడు రాదండి. గ్యాసు బాగానే ఉందనుకుంటున్నాను, ఇది మార్చి చూద్దాం."

ఆ తర్వాత మీటరు తీసి కంప్రెసర్ మూడు పిన్నుల మధ్య రీడింగ్ చూశాడు. మూడు జతలకూ మూడు అంకెలు వస్తాయి, చిన్నవి రెండూ కలిపితే పెద్దదానికి సమానం కావాలి, ఏ పిన్నుకీ బయటి ఇనుప ఒంటికీ మధ్య రీడింగ్ అసలు రాకూడదు. అలా వచ్చిందంటే వైండింగ్ బాగున్నట్టే. అది చూసి చూపించి, రిలే మార్చి, పాత రిలే పిన్ని చేతిలో పెట్టి వెళ్లాడు. వందల్లో తేలిపోయింది. "గ్యాసే" అని ఒప్పేసుకుని ఎక్కించుకుని ఉంటే వేలు పోయేవి, రిలే మాత్రం పగిలినట్టే ఉండేది.

రిలే చెవి దగ్గర ఊపి వినిపించే మనిషి, మీటరు పెట్టి చూపించే మనిషి, పాత పార్టు అడక్కుండానే చేతికిచ్చే మనిషి. ఈ మూడు లక్షణాలున్నవాడి నెంబరు ఫోన్‌లో దాచుకోండి. ఐటీఐలో రిఫ్రిజిరేషన్, ఏసీ మెకానిక్ ట్రేడ్ రెండేళ్లు చదివి వచ్చినవాళ్లు మన ఊళ్లలో బాగానే ఉన్నారు, అడిగితే చెప్తారు. సర్టిఫికెట్ లేకుండా ఒకరి దగ్గర ఏళ్ల తరబడి పని నేర్చుకున్నవాళ్లలోనూ బంగారం లాంటి పనివాళ్లున్నారు, కాబట్టి చదువొక్కటే కొలమానం కాదు.

ఇతనితో రాని పనులేంటో కూడా చెప్పాలి. గ్యాసు, వెల్డింగ్, కంప్రెసర్ మార్పిడి, ఇన్వర్టర్ బోర్డు. సామాను లేకుండా వీటి జోలికి వెళ్తే మంచి మనిషి చేతిలో కూడా పని చెడుతుంది. నిజాయితీ ఉన్నవాడు "ఇది నా వల్ల కాదండి, ఫలానా షాపుకి తీసుకెళ్దాం" అని తనే అంటాడు. ఆ మాట అన్నవాడిని ఇంకా ఎక్కువ నమ్మొచ్చు.

గ్యాసు పని: ఇక్కడే ఎక్కువమంది మోసపోయేది

ఫ్రిజ్‌లో గ్యాసు ఖర్చయ్యేది కాదు. మూసిన పైపుల్లో అదే గ్యాసు ఏళ్ల తరబడి తిరుగుతూ ఉంటుంది. తగ్గిందంటే ఎక్కడో కారింది. కాబట్టి ఎక్కడ కారిందో వెతకకుండా "గ్యాసు కొట్టేస్తానండి" అన్నవాడితో పని మొదలెట్టొద్దు. మాకు తెలిసిన ఒకరింట్లో ఇలాగే వేసవి పొడవునా గ్యాసు కొట్టించుకుంటూనే ఉన్నారు, చివరికి ఇంకో షాపులో చూస్తే అడుగున తుప్పు పట్టిన పైపులో సూది మొన అంత చిల్లు. సముద్రం దగ్గరి ఊళ్లలో, సఖినేటిపల్లి, అంతర్వేది, మొగల్తూరు వైపు, ఉప్పుగాలికి ఇనుప పైపులు తొందరగా తుప్పు పడతాయి. రోజూ నేల తడిగుడ్డ పెట్టే ఇళ్లలో ఫ్రిజ్ అడుగుభాగం ఎప్పుడూ చెమ్మే. ఇంకో పెద్ద కారణం, ఫ్రీజర్‌లో గడ్డకట్టిన మంచుని చాకుతో పొడవడం. ఒంటి తలుపు ఫ్రిజ్‌లో ఆ ఫ్రీజర్ గోడలోనే అల్యూమినియం దారుల్లో గ్యాసు తిరుగుతుంది. చిల్లు పడ్డచోట ఎంసీల్ అంటించి పంపేస్తే కొన్నాళ్లు ఆగొచ్చు, మళ్లీ కారుతుంది. అల్యూమినియం అతుకు చేయి తిరిగినవాడు వేడి పెట్టి వెయ్యాలి, లేదా ఆ భాగమే మార్చాలి.

ఏ గ్యాసు పోస్తున్నాడన్నది ఇంకో విషయం. చాలా పాత ఫ్రిజ్‌లలో ఆర్-12 ఉండేది. అది ఓజోన్ పొరను దెబ్బతీసే రకం, 1987 మాంట్రియల్ ఒప్పందం ప్రకారం ప్రపంచమంతా మానుకుంటూ వచ్చింది, మన దేశంలో దాని తయారీ 2008లో ఆగింది. తర్వాత వచ్చిన ఫ్రిజ్‌లలో ఎక్కువగా ఆర్-134ఏ, ఇప్పుడు ఎక్కువగా ఆర్-600ఏ. ఈ చివరిది ఐసోబ్యూటేన్, అంటే మంట అంటుకునే గ్యాసు. ఫ్రిజ్ వెనక గానీ, లోపల పక్క గోడ మీద గానీ, కంప్రెసర్ మీద గానీ స్టిక్కర్ ఉంటుంది, ఏ గ్యాసు, ఎన్ని గ్రాములు అని దాని మీదే ఉంటుంది. ఒకదాని బదులు ఇంకోటి పోస్తే లోపలి ఆయిల్‌తో పొసగదు, చల్లదనం సరిగ్గా రాదు, కంప్రెసర్ ఆయుష్షు తగ్గుతుంది. ఆర్-600ఏ ఉన్న ఫ్రిజ్‌కి వంటింట్లో పొయ్యి పక్కనే వెల్డింగ్ మంట వెలిగించబోయేవాడిని అక్కడే ఆపండి. ముందు లోపలి గ్యాసు బయటికి, ఆరుబయటికి వదలాలి, కిటికీలు తెరవాలి, ఆ తర్వాతే మంట.

పని చేసే పద్ధతి ఇలా ఉండాలి. నైట్రోజన్ ఎక్కించి, అతుకుల మీద సబ్బు నురగ రాసి లీకు పట్టుకోవాలి. అతికాక ఫిల్టర్ కొత్తది వెయ్యాలి, పాతదాన్నే వదిలేయకూడదు. తర్వాత వాక్యూమ్ పంపు పెట్టి కనీసం అరగంట లోపలి గాలీ చెమ్మా లాగెయ్యాలి. మన వైపు గాలిలోనే తేమ ఎక్కువ కాబట్టి ఈ అరగంట దగ్గర ఎవరికీ రాజీ పడకండి. లోపల మిగిలిన చెమ్మ సన్న పైపు చివర గడ్డకట్టి దారి మూసేస్తుంది, "గ్యాసు నిండా ఉన్నా చల్లబడట్లేదండి" అన్న ఫిర్యాదులో సగం ఇదే. చివరిగా గ్యాసు తూకం వేసి ఎక్కించాలి. ఆర్-600ఏ ఉన్న చిన్న ఫ్రిజ్‌కి పట్టేది యాభై గ్రాములకు అటూ ఇటూ, దానిలో పది గ్రాములు తేడా వస్తే ఐదో వంతు తేడా వచ్చినట్టు. చెయ్యి పెట్టి పైపు చల్లదనం చూసి "సరిపోయిందండి" అనేవాడి చేతిలో ఆ తేడా ఎలా తెలుస్తుంది?

అందుకే గ్యాసు పనికి షాపుని ఎంచుకునేటప్పుడు ధర కన్నా ముందు అక్కడున్న సామాను చూడండి. వాక్యూమ్ పంపు, నైట్రోజన్ సిలిండరు, తూకం మిషను. ఈ మూడూ కళ్లకు కనపడితే మిగతా మాటలు మాట్లాడొచ్చు. పాత కంప్రెసర్నే వాక్యూమ్‌కి వాడే షాపులున్నాయి, పని ఎంతోకొంత జరుగుతుంది గానీ అసలు పంపుతో సమానం కాదు.

బజారు షాపుకి పంపేటప్పుడు

షాపు అంటే ఫ్రిజ్‌ని అక్కడికి మోయాలి, ఇదే దాని పెద్ద లోటు. కోనసీమలో రేవు దాటి నరసాపురం తీసుకెళ్లాలంటే పంటు మీద ఎక్కించాలి, ఆటో ట్రాలీ కిరాయి వెళ్లేటప్పుడూ వచ్చేటప్పుడూ. కాబట్టి షాపువాళ్లే సామాను వేసుకుని ఇంటికి వచ్చి చేస్తారా అని ముందు అడగండి, కొంచెం ఎక్కువ తీసుకున్నా అదే మేలు. తప్పనిసరిగా పంపాల్సి వస్తే నిలబెట్టే తీసుకెళ్లాలి, పడుకోబెడితే కంప్రెసర్ ఆయిల్ పైపుల్లోకి వస్తుంది, ఇంటికొచ్చాక కొన్ని గంటలు నిలబెట్టి ఉంచి అప్పుడే ప్లగ్గు పెట్టాలి.

పంపే ముందు కంప్రెసర్ మీదున్న సీరియల్ నెంబరు ఫొటో తీసుకోండి. ఇది అపనమ్మకం కాదు, రెండువైపులా మంచిదే. కొత్త కంప్రెసర్ వేశామని చెప్పి, రంగేసిన పాతది వేసే చోట్లు ఉన్నాయి. కొత్తదైతే పెట్టె, దాని మీద నెంబరు, వారంటీ కాగితం ఉంటాయి. రీకండిషన్ చేసినది వెయ్యడం తప్పేం కాదు, పాత ఫ్రిజ్‌కి ఒక్కోసారి అదే తెలివైన పని, కానీ అది రీకండిషన్‌దని చెప్పి, దాని ధరే తీసుకోవాలి. పక్క గోడల్లో దాగున్న పైపు కారితే వెనకాల బయట కొత్త కండెన్సర్, అంటే వేడిని బయటికి వదిలే పైపుల జాలీ, బిగించి పాతది వదిలేస్తారు. చూడ్డానికి అందంగా ఉండదు, పని మాత్రం బాగా చేస్తుంది, భయపడక్కర్లేదు.

చేతికి ఇచ్చే చీటీ మీద ఏ పార్టు, ఎంత, గ్యారంటీ ఎన్నాళ్లు, గ్యారంటీ పార్టుకా పనికా అన్నది రాయించుకోండి. "మన మాటేనండి" అంటారు, ఆ మాటే కాగితం మీద పెట్టమని మర్యాదగా అడగండి. యూపీఐలో కడితే ఇంకో రుజువు కూడా ఉంటుంది. వేసవి ముదిరాక, రోహిణి కార్తెలో వెళ్తే ఎవరి దగ్గరా తీరిక ఉండదు, పని హడావుడిగా జరుగుతుంది. చల్లదనం తగ్గుతోందని అనుమానం ఉంటే సంక్రాంతి అయ్యాక, మాఘమాసంలోనే చూపించేయండి.

వైండింగ్ షాపు

చేలకూ చెరువులకూ మోటార్లు ఎక్కువ కాబట్టి డెల్టాలో ప్రతి చిన్న బజారులోనూ వైండింగ్ షాపు ఉంటుంది. మిక్సీ, గ్రైండర్, ఇంటి మోటారు, వాషింగ్ మెషీన్ మోటారు కాలితే నేరుగా అక్కడికే వెళ్లండి, మధ్యలో ఇంకొకరి చేతికిస్తే వాళ్లూ అక్కడికే తెస్తారు, మీ ఖర్చు పెరుగుతుంది. అడగాల్సింది ఒక్కటే: రాగి తీగా, అల్యూమినియమా? రాగి అయితే పాత తీగ తీశాక తూకం చూసి, అదే గేజిలో అంతే తూకం తీగ వేస్తున్నారో లేదో చూడాలి. అల్యూమినియం చౌక, కానీ అదే సైజులో తొందరగా వేడెక్కుతుంది. పాత గ్రైండర్ రాతితో సహా ఇంకో పదేళ్లు వాడాలనుకుంటే రాగే వేయించండి. తీసిన పాత రాగి కూడా మీదే, దాని విలువ బిల్లులో తగ్గించమని అడిగే హక్కు మీకుంది.

ఫోన్‌లో దొరికే నెంబర్లు

కంపెనీ పేరు, ఊరి పేరు కొట్టి వెతికితే పైన వచ్చే నెంబర్లలో చాలావాటికీ ఆ కంపెనీకీ సంబంధం ఉండదు. కొన్ని మామూలు దళారులవి, మనిషిని పంపి రెట్టింపు తీసుకుంటారు. కొన్ని నేరుగా దొంగలవి: "పది రూపాయలు కట్టి రిజిస్టర్ చేసుకోండి, ఈ యాప్ వేసుకోండి" అంటారు, ఆ యాప్‌తో మీ స్క్రీన్ వాళ్లకు కనపడుతుంది, ఖాతా ఖాళీ అవుతుంది. కంపెనీ నెంబరు కావాలంటే ఫ్రిజ్ మీద స్టిక్కర్ చూడండి, వారంటీ కార్డు చూడండి, కంపెనీ సొంత వెబ్‌సైట్ చూడండి, లేదా కొన్న షాపు ఆయన్ని అడగండి. పొరపాటున డబ్బు పోతే ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేయాలి, ఎంత తొందరగా చేస్తే అంత మంచిది. ఇంట్లో పెద్దవాళ్లు ఒంటరిగా ఉంటే ఈ నెంబరు గోడ మీద రాసిపెట్టండి.

బాగుచేయించాలా, వదిలేయాలా

చాలామంది కొత్తదాని ధరలో సగం దాటితే వద్దంటారు. పదేళ్లు దాటినదానికి నేను మూడో వంతు దగ్గరే ఆగమంటాను, ఎందుకంటే ఒకటి బాగుచేశాక ఇంకోటి పోయే వయసు అది. కానీ అన్నిటికీ అదే లెక్క పెట్టకండి. ఒళ్లు తుప్పు పట్టకుండా, తలుపు బిగువుగా ఉండి, కంప్రెసర్ మంచిదైతే గ్యాసు పని చేయించడం దండగ కాదు. అడుగు తినేసి, లోపలి గోడలు చెమ్మతో ఉబ్బి, పైన కంప్రెసర్ కూడా పోతే మాత్రం ఎంత మంచి మెకానిక్ దొరికినా వదిలేయండి. కరెంటు ఎంత తాగుతోందో తెలియాలంటే ఒక రాత్రి మిగతావన్నీ ఆపి, ఫ్రిజ్ ఒక్కటే ఉంచి పడుకునే ముందు, లేచాక మీటరు రీడింగ్ రాసుకోండి, కొత్త ఫ్రిజ్‌ల స్టార్ లేబుల్ మీద ఏడాదికి ఎన్ని యూనిట్లో ఉంటుంది, దాంతో పోల్చుకోండి.

పని చెడగొట్టి, డబ్బు తీసుకుని, ఫోన్ ఎత్తకపోతే ఊరుకోవాల్సిన పనిలేదు. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915, తెలుగులో మాట్లాడొచ్చు. అక్కడా తేలకపోతే 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద జిల్లా కమిషన్‌లో ఫిర్యాదు వేయొచ్చు, రెండేళ్ల లోపు వెయ్యాలి, ఐదు లక్షల లోపు వాటికి ఫీజు లేదు. అక్కడ నిలబడేది చీటీ, యూపీఐ రసీదు, సీరియల్ నెంబరు ఫొటో.

లంకల్లో ఉన్నవాళ్లకు ఒక్క మాట ప్రత్యేకంగా. 1986లో గానీ, 2022 జులైలో గానీ వచ్చినట్టు గోదారి ఇంట్లోకి వస్తే, నీళ్లు తీశాక ఫ్రిజ్ పనిచేస్తుందేమోనని ప్లగ్గు పెట్టి చూడొద్దు. కంప్రెసర్ లోపలికి నీళ్లు పోవు, అది సీలు చేసిన గుండు. తడిసేది రిలే, థర్మోస్టాట్, వైర్ల చివర్లు, గోడలోని ఫోమ్. ముందు ఇంటి ఎర్తింగ్ ఎలక్ట్రీషియన్‌తో చూపించండి, తర్వాత ఊళ్లో మెకానిక్‌ని పిలిచి రిలే, ఓవర్‌లోడ్ కొత్తవి వేయించి, వైర్లు ఆరబెట్టించి, కరెంటు లీకు పట్టే మెగ్గర్ మీటరుతో లీకేజీ చూపించాకే కరెంటు ఇవ్వండి. వరద తగ్గిన వారంలో అందరూ ఒకేసారి పిలుస్తారు, ఆయన రావడానికి రోజులు పట్టొచ్చు. అప్పటిదాకా తలుపు బార్లా తీసి, వెనకభాగం ఎండ తగిలేలా తిప్పి ఉంచండి.